లెక్కకు రాని గాయాలు

బెజవాడ ఎండ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మార్చి వచ్చేసరికే తరగతి గదుల్లో ఫ్యాన్లు వేడిగాలిని తిప్పుతుంటాయి. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక మధ్యాహ్నం, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి బోర్డు మీద సమీకరణం రాయడానికి చేయెత్తింది. మణికట్టు దాకా ఉన్న నిండు చేతుల బట్ట కాస్త పైకి జరిగింది. ఆమె వెంటనే దాన్ని కిందికి లాక్కుంది. నేను చూశానని ఆమెకు తెలిసింది. ఆమెకు తెలిసిందని నాకూ తెలిసింది. పాఠం మాత్రం ఆగలేదు. అవి పొరపాటున తగిలిన దెబ్బలు కావని గ్రహించడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు.

ఆ అమ్మాయిది దివిసీమలో ఒక దళితవాడ. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఊళ్లోని ప్రభుత్వ బడిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని, నగర శివారులోని ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ కళాశాలకు వచ్చింది. అప్పట్లో నేను అక్కడ రసాయనశాస్త్రం బోధించేవాణ్ణి. విషయం యాజమాన్యానికి తెలిశాక వారు చేసిన పని ఒక్కటే: ఇంటికి పంపేయడం. 'మిగతా పిల్లలు చెడిపోతారు' అన్నది వారు చెప్పిన కారణం. కబురందుకుని వచ్చిన తల్లి ఆఫీసు బయట బెంచీ మీద, కూతురి కోసం తెచ్చిన క్యారేజీని ఒళ్లో పెట్టుకుని కూర్చుని నన్నడిగింది: "చదువు ఎక్కువై ఇట్టా అయిందా సారూ?" ఏదో సర్దిచెప్పాను. అది జవాబు కాదని అప్పుడే తెలుసు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. తనను తాను గాయపరచుకునే ప్రతి పిల్లా, పిల్లవాడూ చనిపోవాలని కోరుకుంటున్నట్టు కాదు. భరించలేని అవమానాన్నీ, కోపాన్నీ, శూన్యతనూ ఇంకెవరి మీదా చూపలేని స్థితిలో, కౌమారంలో ఉన్నవారు వాటిని తమ శరీరం మీదికే తిప్పుకుంటారు. కొందరికి అది క్షణకాలపు ఉపశమనం. కొందరికి తమకు తామే విధించుకునే శిక్ష. అయితే ఆ ఉపశమనం నిలవదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. స్వీయహాని అలవాటైనవారిలో తర్వాతి కాలంలో ఆత్మహత్య ముప్పు ఎక్కువని వైద్య పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. కాబట్టి దీన్ని నాటకమనో, పక్కవాళ్లను చూసి నేర్చిన వేషమనో కొట్టిపారేయడం తప్పు. మరణానికి తొలిమెట్టుగా మాత్రమే చూసి బెదిరిపోవడమూ తప్పే. అది మాటలు దొరకని మనిషి చెబుతున్న మాట. వినేవాళ్లుంటే చాలామంది దాని నుంచి బయటపడతారు.

ఆ మాటను మన సమాజం ఎలా వింటోంది? విజయవాడలో దానికి సిద్ధంగా ఉన్న అనువాదం 'ఒత్తిడి'. పత్రికలు, మంత్రులు, యాజమాన్యాలు, చివరికి మానసిక నిపుణులు కూడా అదే పదం వాడతారు. చదువు ఒత్తిడి, ర్యాంకుల ఒత్తిడి, తల్లిదండ్రుల ఒత్తిడి. ఈ పదం అబద్ధం కాదు. కానీ కులం కనిపించకుండా చేసే పదం. ఒకే గదిలో అరవై మంది కూర్చుంటే అరవై మంది మీదా ఒకే బరువు పడుతున్నట్టు అది భ్రమ కల్పిస్తుంది. ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి మీద ఏ రూపంలో పడుతోందో అడగనివ్వదు.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఈ నేల చరిత్రలోకి కాస్త వెళ్లాలి. 1855లో విజయవాడ వద్ద కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరు డెల్టాను వరి మాగాణిగా మార్చింది. ఆ మిగులు భూమి ఉన్న కులాలకు, ముఖ్యంగా కమ్మ రైతాంగానికి, చేరింది. అది రైసు మిల్లులుగా, సినిమా హాళ్లుగా, వ్యాపారాలుగా మారుతూ వచ్చింది. 1980ల నాటికి విద్య కూడా ఆ పెట్టుబడికి ఒక క్షేత్రమైంది. పొలం అమ్మి ఇంజనీరింగు సీటు, సీటు చూపి అమెరికా, అమెరికా చూపి కట్నం. ఈ లెక్కలోంచే నిడమానూరు, పోరంకి, ఈడుపుగల్లు, గూడవల్లి దారుల్లో రెసిడెన్షియల్ కళాశాలలు వెలిశాయి. అదే మాగాణిలో నాట్లు వేసి కోతలు కోసిన మాల, మాదిగ కుటుంబాల వాటాకు కూలి మాత్రమే మిగిలింది. రిజర్వేషన్లు, సంక్షేమ వసతి గృహాలు, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాకే వారి పిల్లలు ఆ గేట్లలోకి అడుగుపెట్టగలిగారు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల వెనుక నూటయాభై ఏళ్లకు పైబడిన రెండు వేర్వేరు చరిత్రలున్నాయి.

లోపల ఏం జరుగుతుంది? చేరిన కొద్ది వారాలకే పరీక్ష పెట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొడతారు. పై సెక్షన్‌కు మంచి అధ్యాపకులు, మంచి మెటీరియల్. కింది సెక్షన్‌కు మిగిలినవారు, మిగిలినవి. ప్రతి వారాంతపు పరీక్ష తర్వాత జాబితా గోడకెక్కుతుంది, దాన్నిబట్టి పిల్లలు కిందికో పైకో కదులుతారు. నాకైతే ఆ జాబితా చూసినప్పుడల్లా అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత గుర్తుకొచ్చేది. ప్రతి మెట్టు మీద ఉన్నవారికీ తమ కింద ఇంకొకరున్నారన్న తృప్తి, పైవారి ఎదుట సిగ్గు. ఈ రెండూ కలిసి ఎవరూ ఎవరితోనూ కలవకుండా చూస్తాయి. కుల వ్యవస్థ మనసుల్ని ఎలా పాలిస్తుందో ఈ సెక్షన్లూ అలాగే పాలిస్తాయి. ఆంగ్ల మాధ్యమంలోనో, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లోనో చదివిన పిల్లలు సహజంగానే పైకి వెళతారు. పల్లెటూరి ప్రభుత్వ బడి నుంచి వచ్చినవారు కిందికి చేరతారు. గోడమీది జాబితాలో కులం పేరు ఉండదు. ఉండవలసిన అవసరమూ లేదు.

ఆ తర్వాతి అవమానాలన్నీ చిన్నవే. అందుకే వాటి మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. పాఠం మధ్యలో అటెండరు వచ్చి 'స్కాలర్‌షిప్ వాళ్లు ఆఫీసుకు రావాలంట' అంటాడు. లేచి నిలబడిన ఆరుగురినీ మిగతా తరగతి తలతిప్పి చూస్తుంది. 'మీ ఇంటిపేరేంటి?' అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చాలకపోతే 'మీ ఊళ్లో మీరు ఏ వైపుంటారు?' అన్నది. మార్కులు తగ్గితే 'వీళ్లింతే', పెరిగితే 'మీకేంటి, రిజర్వేషన్ ఉందిగా'. ఓడినా గెలిచినా తన ప్రయత్నానికి విలువ లేదని పదహారేళ్ల వయసులో తెలిసిపోవడం చాలా పెద్ద దెబ్బ. ఆ మాట అన్నవాడి మీద కోప్పడితే గొడవలమారి అంటారు. వార్డెన్‌కు చెబితే 'సర్దుకుపో' అంటారు. ఇంట్లో చెబుదామంటే, అమ్మానాన్నలు చేసిన అప్పు గుర్తుకొస్తుంది. కోపానికి బయటికి పోయే దారులన్నీ మూసుకుపోయినప్పుడు అది లోపలికే తిరుగుతుంది.

చదువుకున్న దళిత యువకుడి తలెత్తు ఈ డెల్టాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన దళితుల ఊచకోతకు ముందు, సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు తగిలిందన్న తగువే ఉంది. తెనాలికి అంత దగ్గరలో, కాలువ గట్టు మీద, నాడు ఆ అక్కసు కత్తులతో బయటపడింది. నేటి కళాశాలలో అది చూపుగా, నవ్వుగా, ఒక ప్రశ్నగా బయటపడుతుంది. రెంటి తీవ్రత ఒకటని నేననను. వాటి మూలం ఒకటని మాత్రం అంటాను. ఆ హింస తరానికి తరం రూపం మార్చుకుంటూ వచ్చింది. ఈ తరంలో దాన్ని అనుభవించే పిల్లల చేతులతోనే చేయిస్తోంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. తమను తాము గాయపరచుకునేవారిలో ఆధిపత్య కులాల పిల్లలు లేరా? ఉన్నారు. నా తరగతుల్లోనే చూశాను. మరి కులంతో దీనికేం సంబంధం? కులమంటే దళితులకు మాత్రమే జరిగేదని అనుకున్నప్పుడే ఈ ప్రశ్న పుడుతుంది. రెండెకరాలు అమ్మి చేర్చిన రైతు కొడుకు మీద ఉన్నది చదువు బరువొక్కటే కాదు. బంధువుల పెళ్లిళ్లలో తండ్రి తలెత్తుకు తిరగడం, అక్క కట్నం, 'మనోళ్లలో' ఎవరబ్బాయి ఎక్కడ సీటు కొట్టాడన్న పోలిక అన్నీ ఆ పిల్లవాడి ర్యాంకు మీద ఆధారపడి ఉంటాయి. అది కుల గౌరవపు బరువు. దళిత విద్యార్థిని 'నువ్వు ఇక్కడికెందుకొచ్చావ'ని అడిగే వ్యవస్థే, అతణ్ణి 'నువ్వు ఓడిపోవడానికి వీల్లేద'ని బెదిరిస్తుంది. ఒకరికి చోటు లేదంటుంది, ఇంకొకరికి తప్పించుకునే దారి లేదంటుంది. రెండు బాధలూ సమానం కావు. ఓడిన రైతు కొడుక్కి మేనేజ్‌మెంట్ సీటుంటుంది, ఓడిన కూలీ కూతురికి పొలం పనో తొందరపడి చేసే పెళ్లో ఉంటుంది. అయినా రెంటినీ తయారుచేస్తున్న యంత్రం ఒకటే.

ఆడపిల్లల విషయంలో ఈ యంత్రానికి మరో చక్రం తోడవుతుంది. వాళ్లు ఎవరితో మాట్లాడారు, ఎవరికి ఫోన్ చేశారు, ఎవరి పక్కన నడిచారు అన్నదాని మీద నిఘా చదువు కోసం కాదు, కులం కోసం. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగాక ఆ నిఘా ఎంతదూరం వెళ్లగలదో తెలుగు నేలంతా చూసింది. ఆ వార్తలు పిల్లలూ చదివారు. ఒక స్నేహం బయటపడితే చదువు మానిపించేస్తారన్న భయంతో బతికే పదహారేళ్ల అమ్మాయికి, తన శరీరం తనది కాదన్న సంగతి రోజూ గుర్తు చేయబడుతుంది. ఇంట్లో తాగుడు, కొట్లాటలు, లైంగిక వేధింపులు, ఫోన్లలో నడిచే ఎగతాళి కూడా కారణాలే. కులమొక్కటే అన్నిటికీ మూలమని నేను వాదించడం లేదు. ఏ కారణమైనా పిల్లల మీద ఎంత బలంగా పనిచేస్తుంది, వారికి సాయం ఎంత దూరంలో ఉంటుంది అన్నది తేల్చడంలో కులానికి పెద్ద పాత్ర ఉందంటున్నాను.

1897లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ ఆత్మహత్య మీద రాసిన పుస్తకంలో, అత్యంత వ్యక్తిగతంగా కనిపించే చర్య కూడా సామాజిక వాస్తవమేనని నిరూపించడానికి పూనుకున్నాడు. సమాజపు బంధాలు తెగినవారి గురించి, కట్టుబాట్లు సడలినవారి గురించి ఆయన వివరంగా రాశాడు. కట్టుబాట్లే ఊపిరాడనివ్వకుండా బిగిసి, భవిష్యత్తు మూసుకుపోయినవారి గురించి మాత్రం ఒక పాదసూచికతో సరిపెట్టాడు. అలాంటివారు తన కాలంలో అరుదని ఆయన భావించాడు. మన దేశంలో కోట్లాది మంది జీవితం ఆ పాదసూచికలోనే ఉంది.

ప్రభుత్వ లెక్కలు ఏం చెబుతున్నాయి? జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ నివేదికలో వయసు, లింగం, చదువు, వృత్తి, ఆదాయం, 'కారణం' అన్నిటికీ పట్టికలున్నాయి. కులానికి పట్టిక లేదు. ఇక ప్రాణం పోని గాయాలకు అసలు పట్టికే లేదు. ఆత్మహత్యాయత్నం నేరంగా ఉన్నన్నాళ్లూ పోలీసు కేసు భయంతో కుటుంబాలు దాచాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, అలాంటి ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309వ సెక్షన్‌ను కొనసాగించలేదు. చట్టం మారినా భయం మారలేదు. రానున్న జనగణనలో కులాన్ని లెక్కించాలని కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. మంచిదే. కులాన్ని లెక్కించబోయే రాజ్యం, కులం చేసే గాయాన్ని లెక్కించడానికి ఇంకా సిద్ధపడలేదు.

రాజ్యాన్ని అడిగే ముందు మనల్ని మనం అడగవలసిన మాట ఒకటుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాక దేశమంతా విద్యాసంస్థల్లో కులం గురించి మాట్లాడింది. ఆ మాట్లాడటం అవసరం, నేనూ ఆ ఊరేగింపుల్లో నడిచాను. కానీ మన రాజకీయాలకు ఒక అలవాటు పడింది. బిడ్డ చనిపోయాకే మనకు కనిపిస్తుంది. ఫ్లెక్సీ మీద ఫోటోగా మారాకే పేరు తెలుస్తుంది. పాటలు కడతాం, అమరులంటాం. బతికుండగా నిండు చేతుల చొక్కా వేసుకుని వచ్చినప్పుడు, భోజనం మానేసి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు మనలో ఎవరమూ ఆ గదికి వెళ్లం. చనిపోతేనే వింటారన్న సందేశం మనమే పిల్లలకు ఇస్తున్నామేమోనన్న భయం నన్ను వదలడం లేదు. ఏ మరణమూ ఉద్యమానికి కానుక కాకూడదు. మన ఉద్యమాలు గర్వంగా చెప్పుకోవలసింది ఎందరు అమరులయ్యారని కాదు, ఎందరు బతికి చదువు పూర్తిచేశారని.

ఇక చేయవలసిన పని. కమిటీలకు కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ, నవ్యాంధ్రలో 2017లో చక్రపాణి కమిటీ ఇంటర్ విద్యార్థుల మరణాల మీద వేసినవే. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవే దేశమంతటా చెల్లుతాయని ప్రకటించింది. వందమంది లేదా అంతకు పైగా విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడగొట్టడం, బహిరంగంగా అవమానించడం మానాలి. అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. కులం, లింగం వంటివాటి ఆధారంగా జరిగే వేధింపుల మీద గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఆ తీర్పు మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులో వచ్చింది. కాబట్టి మొదట అమలు కావలసింది మన దగ్గరే. గోడమీది జాబితాలు దిగాయా, సెక్షన్లు పోయాయా అని అడగవలసింది విద్యార్థి సంఘాలే.

వీటికి తోడు నావి మూడు సూచనలు. ఒకటి, స్వీయహానికి పాల్పడిన విద్యార్థిని ఇంటికి పంపేయడాన్ని, టీసీ ఇచ్చి వదిలించుకోవడాన్ని నిషేధించాలి. బహిష్కరణ చికిత్స కాదు. కులం ఇచ్చే శిక్షే అది. రెండు, స్కాలర్‌షిప్పు వ్యవహారాలు తరగతి గదిలో ప్రకటించకూడదు. పైసా ఖర్చులేని సంస్కరణ ఇది. మూడు, ఆసుపత్రులకు వచ్చే స్వీయహాని కేసులను పేర్లు లేకుండా, వయసు, లింగం, కులం, విద్యాసంస్థ రకం వారీగా నమోదు చేసి ఏటా మొత్తాలను మాత్రం ప్రచురించాలి.

మార్పు సాధ్యమేనా అంటే పక్క రాష్ట్రం ఉదాహరణ ఉంది. డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో చెన్నైలో స్థాపించిన 'స్నేహ' సంస్థ చేసిన కృషి ఫలితంగా, తమిళనాడులో తప్పిన విద్యార్థులు ఏడాది కోల్పోకుండా వెంటనే మళ్లీ పరీక్ష రాసే వీలు కలిగింది. మందుబిళ్ల కాదు, ఒక పరీక్ష తేదీ ప్రాణాలు నిలపగలదు. మన దగ్గర సప్లిమెంటరీ ఉంది గాని, తప్పినవారిని మనుషులుగా చూసే అలవాటు ఇంకా రావలసి ఉంది. ఇది చదువుతున్న విద్యార్థుల్లో ఎవరైనా ఆ నిండు చేతుల వెనుక ఉంటే, మీకు చెప్పేది ఒకటే: మీరు బలహీనులు కారు, ఒంటరివారూ కారు. నమ్మకమున్న ఒక్కరికైనా చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడేవారుంటారు. మీ స్నేహితుల చేతి మీద గాయం చూస్తే తిట్టకండి, బెదరకండి, ఒట్టు వేయించుకోకండి. పక్కన కూర్చుని అడగండి, పెద్దవారి సాయం దాకా తోడు వెళ్లండి.

ఆ దివిసీమ అమ్మాయి చదువు ఒక ఏడాది వెనుకబడింది, ఆగిపోలేదు. ప్రభుత్వ కళాశాలలో చేరి ఇంటర్ పూర్తిచేసింది. ఆమెను నిలబెట్టింది నేను కాదు. వారం వారం బస్సెక్కి వచ్చి ఏమీ అడగకుండా పక్కన కూర్చున్న తల్లి, ఓపికగా విన్న ఒక ప్రభుత్వ వైద్యురాలు, ఆమెను వదలని ఇద్దరు స్నేహితురాళ్లు. ఆ తల్లికి ఇప్పుడు జవాబు చెప్పగలను. చదువు ఎక్కువై కాదమ్మా. నీ బిడ్డ చదువును గౌరవించే చోటు తక్కువై.